వీర్యకణం లోపలి వెలుగు: శక్తి జీవక్రియను మైక్రోస్కోప్‌లో చూడాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇమేజింగ్ గదికి కొత్తగా వచ్చే పీహెచ్‌డీ పిల్లలు, ఆండ్రాలజీ (మగవాళ్ళ సంతాన సమస్యలు చూసే విభాగం) ల్యాబ్ టెక్నీషియన్లు, అప్పుడప్పుడు పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న దంపతులు అడిగేవి ఇంచుమించు ఇవే. ప్రతిసారీ వాట్సాప్‌లో సగం సగం టైప్ చేసి పంపడం కంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. వరసగా చదవనక్కర్లేదు. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

శక్తి అంతా మైటోకాండ్రియాలోనే కదా తయారయ్యేది? కొత్తగా చూడ్డానికేముంది?

పాఠ్యపుస్తకంలో బొమ్మ అలాగే ఉంటుంది. తిరకాసు కూడా అక్కడే ఉంది. మనిషి వీర్యకణం తల దాదాపు 5 మైక్రోమీటర్లు. దాని వెనకే, ఇంచుమించు అంతే పొడవున్న మధ్యభాగంలో 50 నుంచి 75 దాకా మైటోకాండ్రియా కర్రకు తాడు చుట్టినట్టు మెలికలుగా ఉంటాయి. ఆ తర్వాత 45, 50 మైక్రోమీటర్ల తోక. అందులో ఒక్క మైటోకాండ్రియా కూడా లేదు. కానీ కణం శక్తిగా వాడుకునే ఏటీపీ అనే అణువును ఖర్చుపెట్టేది ప్రధానంగా ఆ తోకే. దాని పొడవునా డైనీన్ అనే మోటారు ప్రొటీన్లు ఉంటాయి, అవే తోకను ఆడిస్తాయి.

మరి తోక చివరనున్న మోటారుకు ఏటీపీ ఎవరు అందిస్తారు? తోకను చుట్టి ఉండే పీచుతొడుగుకు గ్లైకాలసిస్ ఎంజైములు అతుక్కుని ఉంటాయి. గ్లైకాలసిస్ అంటే మైటోకాండ్రియాతో పనిలేకుండా గ్లూకోజ్‌ను విరిచి ఏటీపీ చేసే దారి. పెళ్ళి వంటశాల ఒక్కటే అనుకుంటే, వీధి పొడవునా టిఫిన్ బండ్లు కూడా ఉన్నాయన్నమాట. వీర్యకణానికే ప్రత్యేకమైన జీఏపీడీహెచ్ఎస్ అనే గ్లైకాలసిస్ ఎంజైమును తీసేసిన మగ ఎలుకలకు సంతానం కలగలేదని 2004లో తేలింది. వాటి మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను మామూలుగానే వాడుకుంటున్నాయి, అయినా కణాలు ముందుకు ఈదలేకపోయాయి. అంటే శక్తి ఎంత తయారైందన్నది ఒక ప్రశ్న, ఎక్కడ తయారైందన్నది ఇంకో ప్రశ్న. ఆ రెండోదానికి జవాబు కావాలంటే కణాన్ని చూడక తప్పదు.

ఏ రంగూ వెయ్యకుండా కణం దానంతటదే ఎలా మెరుస్తుంది?

కణంలో ఎలక్ట్రాన్లను మోసుకెళ్ళే కూలీలు ఇద్దరున్నారు: ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీ. ఎన్ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర వెలుగును పీల్చుకుని 450, 460 దగ్గర నీలంగా మెరుస్తుంది. ఎలక్ట్రాన్లను దించేశాక అది ఎన్ఏడీ ప్లస్ అవుతుంది, అప్పుడు మెరవదు. ఎఫ్ఏడీ దీనికి తలకిందులు. మూట దించుకున్న రూపమే 450 దగ్గర పీల్చుకుని 530 దగ్గర ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ తేడాను పట్టుకుని బతికున్న కణజాలంలో జీవక్రియను చూడొచ్చని ఫిలడెల్ఫియాలో బ్రిటన్ ఛాన్స్ గత శతాబ్దంలోనే దారి వేశాడు.

బాగా మెరిస్తే శక్తి బాగా ఉన్నట్టేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పైనుంచి బాగా వస్తున్నాయా, కింద తూము మూసుకుపోయిందా? గట్టు మీద నిలబడి చూస్తే చెప్పలేం. ఎన్ఏడీహెచ్ సంగతీ అంతే. గ్లూకోజ్ అంది, ఎంజైములు చురుగ్గా పనిచేస్తే మెరుపు పెరుగుతుంది. రోటెనోన్ అనే మందు వేసి, ఎలక్ట్రాన్లను చేతులు మార్చే మైటోకాండ్రియా గొలుసును అడ్డుకున్నా మెరుపు పెరుగుతుంది, ఎందుకంటే ఎన్ఏడీహెచ్‌ను తినేవాడు లేడు. మొదటి కణం హాయిగా ఉంది, రెండోదానికి ఊపిరి ఆగింది. తెర మీద రెండూ ఒకేలా నీలంగా కనిపిస్తాయి. అందుకే మెరుపుతోపాటు దాని లైఫ్‌టైమ్ (అదేమిటో కింద చెప్పాను), ఎఫ్ఏడీ, ఆక్సిజన్ వాడకం, కదలిక కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

ఏటీపీనే నేరుగా చూడలేమా?

కల్చర్‌లో పెంచే కణాల్లో చూస్తున్నారు. ఏటీపీ తగిలితే మెరుపు మారే ప్రొటీన్‌కు జన్యువును తయారుచేసి కణంలోకి ఎక్కిస్తారు, కణమే ఆ ప్రొటీన్‌ను చేసుకుంటుంది. పూర్తిగా తయారైన వీర్యకణంలో డీఎన్ఏ గట్టిగా చుట్టేసి ఉంటుంది, కొత్త జన్యువును చదివి ప్రొటీన్ చేసే యంత్రాంగం దాదాపు మూతపడి ఉంటుంది. జన్యువు ఎక్కించినా అక్కడ పని జరగదు. ఎలుకలో అయితే పుట్టుక నుంచే ఆ జన్యువుతో పెంచొచ్చు, మనిషిలో ఆ మాటే లేదు. కణాలను పగలగొట్టి, ఏటీపీ ఉంటే వెలుగునిచ్చే లూసిఫెరేజ్ అనే ఎంజైముతో కొలవొచ్చు గానీ, అప్పుడు వచ్చేది లక్షల కణాల సగటు.

ఏటీపీ మాటొచ్చింది కనుక ఒక పక్కమాట. దాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ ఒకవైపు, హార్వర్డ్‌లో ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి ఇంకోవైపు, విడివిడిగా వెలికితీశారు. మా గదిలో పిల్లలు లోమాన్ పేరు చెబుతారు, సుబ్బారావు పేరు మాత్రం నేను గుర్తుచెయ్యాల్సి వస్తుంది.

సీహార్స్ యంత్రం ఉందిగా, ఇదంతా ఎందుకు?

సీహార్స్ ఆక్సిజన్ ఎంత తగ్గింది, మీడియం ఎంత పుల్లబడింది అని కొలుస్తుంది. మంచి పరికరమే. కానీ గుంటలో ఉన్న కణాలన్నిటికీ కలిపి ఒక్క అంకె ఇస్తుంది. ఒకే నమూనాలో చురుగ్గా ఈదేవి, ఉన్నచోటే వణికేవి, చచ్చినవి కలిసే ఉంటాయి. ఆ కలగూరగంపలో ఏది ఎలా ఉందో చెప్పేది ఇమేజింగ్. వీలుంటే ఒకే నమూనాను రెండు భాగాలు చేసి రెండిట్లోనూ పెట్టండి.

ఎద్దు వీర్యం తేలిగ్గా దొరుకుతుంది. దాంతో చేసి మనిషికి అన్వయించుకోవచ్చా?

చెయ్యి తిరగడానికి వాడండి, తీర్మానానికి వద్దు. ఎద్దు కణాలు మైటోకాండ్రియా మీద ఎక్కువ ఆధారపడతాయి. మనిషి కణాలు గ్లూకోజ్ ఉంటే మైటోకాండ్రియాను ఆపినా ఈదుతూనే ఉంటాయి. ఏ జంతువుదైనా విడిగా తీసిపారేయలేం. హైదరాబాద్ సీసీఎంబీలో ఎస్. శివాజీ బృందం హాంస్టర్ వీర్యకణాల్లో డైహైడ్రోలిపోఅమైడ్ డీహైడ్రోజినేస్ అనే మైటోకాండ్రియా ఎంజైముకు, గర్భధారణకు కణం సిద్ధపడే కెపాసిటేషన్‌కు సంబంధం చూపించింది. ఎన్ఏడీహెచ్‌ను పుట్టించే చోటు అది, మనం చూస్తున్న మెరుపుకు దగ్గరి చుట్టం. కాకపోతే మనిషి కణంలో మళ్ళీ చూసుకోవాల్సిందే.

## నమూనా దగ్గర

ఆసుపత్రిలో పరీక్షకిచ్చిన వీర్యం మిగిలితే వాడుకోవచ్చా? ఎలాగూ పారేసేదే కదా!

పారేసేదైనా అది ఒక మనిషిది. పరిశోధనకు వాడతామని ముందే చెప్పి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి, సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఈ పని ఎలా చెయ్యాలో చెబుతాయి. అమెరికాలో ఉన్న స్నేహితుడి ల్యాబ్‌లో మంచి మైక్రోస్కోప్ ఉంది, అక్కడికి పంపుదాం అనుకోకండి. 2021 ఏఆర్‌టీ (సంతానం కోసం చేసే ఐవీఎఫ్‌లాంటి పద్ధతుల) చట్టం పరిశోధన కోసం బీజకణాలను దేశం దాటించడాన్ని నిషేధించింది.

నమూనా వచ్చాక ఎంతసేపట్లో మొదలుపెట్టాలి?

వీర్యం మొదట జిగటగా ఉండి 15 నుంచి 30 నిమిషాల్లో పలచబడుతుంది, గంట దాకా పట్టినా మామూలే. పలచబడగానే కడగడం మొదలుపెట్టండి. మొదటి రోజు గంటకు, రెండో రోజు మూడు గంటలకు చూస్తే రెండు వేర్వేరు ప్రయోగాలు చేసినట్టు. ఎన్ని రోజుల విరామం తర్వాత ఇచ్చారో కూడా రాసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్ 2 నుంచి 7 రోజులంటుంది.

కడక్కుండా వీర్యాన్నే స్లైడ్ మీద వేసి చూస్తే?

మూడు చిక్కులు. వీర్యద్రవానికే సొంత మెరుపు ఉంది. అందులో ఫ్రక్టోజ్ దండిగా ఉంటుంది, కణం ఏం తింటోందో మన చేతిలో ఉండదు. పైగా తెల్లరక్తకణాలు, గుండ్రటి కణాలు ఉంటాయి. వాటి ఎన్ఏడీహెచ్ మెరుపు ముందు వీర్యకణం దీపం పక్కన మిణుగురులాంటిది. స్విమ్-అప్ (ఈదగలిగినవి పైనున్న మీడియంలోకి వచ్చేలా చెయ్యడం) గానీ డెన్సిటీ గ్రేడియంట్ (సాంద్రత వేరువేరుగా ఉన్న పొరల్లో తిప్పి వేరుచెయ్యడం) గానీ చెయ్యండి. ఒక్కటి గుర్తుంచుకోండి: స్విమ్-అప్‌లో పైకొచ్చినవి పరుగుపందెంలో గెలిచినవి. నమూనా మొత్తానికి అవి ప్రతినిధులు కావు.

ఏ మీడియం వాడాలి?

గ్లూకోజ్, పైరువేట్, లాక్టేట్ ఎంతెంత ఉన్నాయో మీకు అంకెలతో తెలిసిన మీడియం. కెపాసిటేషన్ చూడాలంటే బైకార్బనేట్, కాల్షియం, ఆల్బుమిన్ ఉండాలి. ఆల్బుమిన్ బొత్తిగా లేకపోతే కణాలు శుభ్రమైన గాజుకు తలలు అంటించుకుని కూర్చుంటాయి.

గులాబీ రంగు మీడియం మాత్రం వద్దు. ఆ గులాబీ ఫినాల్ రెడ్‌ది. నేను కొత్తలో ఒక వారమంతా పనిచేసి, గ్లూకోజ్ వేసినా వెయ్యకపోయినా వెనకాల మెరుపు ఒకేలా వస్తోందని, కణాలే మొండివని అనుకున్నాను. ఎనిమిదో రోజు కణాల్లేని ఉత్త మీడియం చుక్క పెట్టి చూస్తే తెర అలాగే వెలిగింది. వారం డేటా బుట్టలో వేశాను. అప్పట్నుంచీ ప్రతి పూటా మొదటి బొమ్మ ఉత్త మీడియానిదే.

ఫ్రీజ్ చేసినవి, ఫిక్స్ చేసినవి పనికొస్తాయా?

ఫిక్స్ చేసినవి అస్సలు కాదు. ఫార్మాల్డిహైడ్ పెట్టాక జీవక్రియ ఆగిపోతుంది, మందు వల్ల కొత్త మెరుపు పుడుతుంది. ఫ్రీజ్ చేసి కరిగించినవాటిలో పొరలు, మైటోకాండ్రియా దెబ్బతింటాయి. ఆ దెబ్బ గురించే మీ ప్రశ్నయితే తప్ప తాజావే వాడండి.

## మైక్రోస్కోప్ దగ్గర

అవి ఈదుతుంటే బొమ్మ ఎలా తీస్తారు?

అందరికీ మొదటి గంటలోనే ఎదురయ్యే చిక్కు ఇది. చురుగ్గా ముందుకెళ్ళే కణం సెకనుకు 25 మైక్రోమీటర్లు, అంతకన్నా ఎక్కువే దాటుతుంది. లైఫ్‌టైమ్ బొమ్మకు సరిపడా ఫోటాన్లు పోగవ్వడానికి అరనిమిషం, నిమిషం పడుతుంది. ఆ లోపు కణం తెర దాటి పోయి ఉంటుంది.

మేం ఎక్కువగా చేసేది గాజుకు పాలీలైసిన్ పూసి తలను అంటించడం. చూడ్డానికి తమాషాగా ఉంటుంది. తల గుంజకు కట్టినట్టు నిలబడుతుంది, తోక మాత్రం సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూనే ఉంటుంది. చీకటి గదిలో తెర మీద ముందు మధ్యభాగం ఒక్కటే సన్నటి బియ్యపుగింజలా తేలుతుంది. తల మసకగా, తోక ఉందో లేదో అన్నట్టు. తలకు ఆనుకున్న కొస స్పష్టంగా, తోక వైపు కొస అలికినట్టు వస్తుంది, ఎందుకంటే ఊగేది ఆ కొసే. లెక్కలకు స్పష్టంగా ఉన్న సగాన్నే తీసుకోండి.

మిథైల్ సెల్యులోజ్ వేసి ద్రవాన్ని చిక్కబరచడం ఇంకో దారి. నెమ్మదిస్తాయి గానీ, చిక్కటి ద్రవంలో ఈదడానికి కణం చేసే శ్రమే మారిపోతుంది. శక్తిని కొలిచే ప్రయోగంలో అది చిన్న విషయం కాదు. మూడోది లేజర్ పట్టకారు. 1980ల చివర్లో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో యోనా తదీర్, మైకేల్ బర్న్స్ వాళ్ళు వీర్యకణాన్ని లేజర్‌తో పట్టి ఆపారు. లేజర్‌ను తగ్గిస్తూ పోతే కణం ఏ క్షణంలో తప్పించుకుందో చూసి, దాని ఈత బలం అంచనా వేస్తారు. ఒకే కణానికి బలం, మెరుపు రెండూ దొరకడం నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు. కాకపోతే ఒక్కొక్కటే పట్టుకోవాలి, రోజంతా కూర్చున్నా పెద్ద సంఖ్య రాదు.

లైఫ్‌టైమ్ అంటే ఏమిటి? కణం ఆయుష్షా?

ఆ పేరుతో అందరూ పొరబడతారు. వెలుగు తగిలిన అణువు తిరిగి వెలుగును వదిలేలోపు ఎంతసేపు ఆగుతుందో, ఆ సమయం. విడిగా తిరిగే ఎన్ఏడీహెచ్ సుమారు 0.4 నానోసెకన్లు ఆగుతుంది. అంతలో వెలుగు వెళ్ళేది 12 సెంటీమీటర్లు, జానలో సగం. అదే ఎన్ఏడీహెచ్ ఒక ఎంజైముకు అతుక్కుంటే 2, 3 నానోసెకన్లు ఆగుతుంది, ఏ ఎంజైము అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. మెరుపు తక్కువా ఎక్కువా అన్నది కణం మందం, ఫోకస్, లేజర్ మీద ఆధారపడుతుంది. లైఫ్‌టైమ్‌కు ఆ బెడద చాలా తక్కువ. వీర్యకణంలాంటి సన్నటి వస్తువుకు అందుకే ఇది నచ్చుతుంది. ఎఫ్ఏడీ ఇక్కడా తలకిందులే. విడిగా ఉన్నప్పుడు ఎక్కువసేపు, అతుక్కున్నప్పుడు తక్కువసేపు.

రెండు ఫోటాన్ల లేజర్ లేకపోతే ఈ పని చెయ్యలేమా?

చెయ్యొచ్చు. ఒకే అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి మింగగలదని మరియా గోపర్ట్ మేయర్ 1931లో లెక్క కట్టి చెప్పింది, 1990లో కార్నెల్‌లో అది మైక్రోస్కోప్ అయింది. ఎన్ఏడీహెచ్‌కు 740 నానోమీటర్ల దగ్గర, ఎఫ్ఏడీకి 890, 900 దగ్గర పెడతాం. లోతైన కణజాలంలో దీనికి సాటి లేదు. వీర్యకణం గాజు మీద పరుచుకున్న ఒక్క పొర, లోతుతో పని లేదు కనుక 375 నానోమీటర్ల పల్స్ లేజర్‌తోనూ నడుస్తుంది. కాకపోతే ఆ వెలుగు డీఎన్ఏకు, మైటోకాండ్రియాకు మంచిది కాదు, మోతాదు బాగా తగ్గించాలి.

లేజరే కణాన్ని చంపేస్తోందేమో ఎలా తెలుస్తుంది?

తోకను చూడండి. ఇంతకన్నా మంచి మీటరు లేదు. బొమ్మ తీసేముందు కొట్టుకుంటున్న తోక తీశాక ఆగిపోతే మీరు కొలిచింది చావును. ఒకే కణాన్ని వరసగా అయిదుసార్లు తీసి లైఫ్‌టైమ్ ఒకవైపుకు జరుగుతోందేమో చూడండి. జరుగుతుంటే లేజర్ తగ్గించండి.

అలాగే స్టేజి 37 డిగ్రీలు చూపిస్తోందంటే గాజు మీద చుక్క 37లో ఉందని కాదు. చల్లటి నూనె ఆబ్జెక్టివ్ కింద తగిలి వేడిని లాగేస్తుంది. ఆబ్జెక్టివ్‌కూ హీటర్ తొడుగు వెయ్యాలి. మా దగ్గర చాలా ‘నీరసం కణాలు’ ఆ తొడుగు తగిలించగానే లేచి ఈదాయి.

పరికరం సరిగ్గా చెబుతోందని నమ్మకమేమిటి?

లైఫ్‌టైమ్ తెలిసిన రంగును రోజూ పెట్టండి. క్షార ద్రావణంలో ఫ్లోరెసిన్ 4 నానోసెకన్లు, ఇథనాల్‌లో కూమరిన్ 6 అయితే 2.5. ఆ అంకె రాకపోతే కణాల జోలికి వెళ్ళొద్దు.

కంట్రోల్‌కు ఏ మందులు వెయ్యాలి?

రోటెనోన్ గానీ యాంటీమైసిన్ గానీ వేస్తే మధ్యభాగంలో ఎన్ఏడీహెచ్ పెరగాలి. ఎఫ్‌సీసీపీ వేస్తే గొలుసు అదుపు లేకుండా పరిగెత్తి ఎన్ఏడీహెచ్ తగ్గాలి. ఈ రెండు కొసలూ మీ చేతిలో కనబడితేనే మధ్యలో వచ్చే చిన్న తేడాలకు విలువ. గ్లైకాలసిస్‌కు అందరూ 2-డీఆక్సీగ్లూకోజ్ వాడతారు. దాన్ని హెక్సోకైనేజ్ పట్టుకుని ఏటీపీ ఖర్చు చేసి ముద్ర వేస్తుంది, ముద్ర పడ్డాక అది ముందుకు పోదు. అంటే దారి మూయడమే కాక జేబులో డబ్బులూ లాగేస్తుంది. కణం ఆగిపోతే దేనివల్ల ఆగిందో తేల్చుకోవడానికి, గ్లూకోజ్ లేకుండా పైరువేట్ మాత్రమే ఉన్న మీడియం ఇంకొకటి పక్కన పెట్టండి. మందులు కరిగించిన డీఎంఎస్‌ఓ లేక ఇథనాల్ ఒక్కటే వేసిన గిన్నె కూడా ఉండాలి.

## లెక్కల దగ్గర

తోకలో ఫోటాన్లే రావడం లేదు. ఏం చెయ్యాలి?

తోక అర మైక్రోమీటరు మందం కూడా ఉండదు, రావు మరి. పిక్సెల్ పిక్సెల్‌కీ లెక్క కట్టకుండా, తోక పొడవునా గీత గీసి అందులో ఫోటాన్లన్నీ ఒకే కుప్ప వెయ్యండి. రెండు లైఫ్‌టైమ్‌లను విడదీయాలంటే కుప్పకు కనీసం వెయ్యి ఫోటాన్లు లేనిదే నేను అంకె రాయను. వెనకటి మెరుపు తీసేశాక ఏమీ మిగలకపోతే ‘తోకలో కొలవలేకపోయాం’ అని రాయండి. చాలామంది మధ్యభాగం అంకెను మొత్తం కణానికి అంటగడతారు. గ్లైకాలసిస్ బండ్లన్నీ తోకలో ఉన్నప్పుడు అది పెద్ద తప్పు.

ఫిట్టింగా, ఫేజరా?

ఫిట్టింగ్ అంటే మెరుపు తగ్గే వంపుకు సూత్రం సరిపెట్టి లైఫ్‌టైమ్‌లు తీయడం. ఫోటాన్లు తక్కువున్న చోట ఫేజర్. ప్రతి పిక్సెల్‌నూ అర్ధవృత్తం పటం మీద ఒక చుక్కగా పెడుతుంది, ముందుగా ఏ ఊహా అక్కర్లేదు. విడిగా ఉన్న ఎన్ఏడీహెచ్ ఒక కొస, అతుక్కున్నది ఇంకో కొస. చుక్కల గుంపు ఎటు జరిగిందో కంటితో చూడొచ్చు. అర్వైన్‌లోనే ఎన్రికో గ్రాటన్ బృందం 2008లో దీన్ని ఇమేజింగ్‌కు బాగా అలవాటు చేసింది. రివ్యూయర్ శాతాలు అడిగితే అప్పుడు ఫిట్టింగ్ చెయ్యండి.

మెరిసేది ఎన్ఏడీహెచ్చా, ఎన్ఏడీపీహెచ్చా?

రెండూ. ఎన్ఏడీపీహెచ్ అంటే ఫాస్ఫేట్ ఒకటి ఎక్కువున్న ఎన్ఏడీహెచ్. రంగులో కవలలు, విడదీయలేం. అందుకే పేపర్లలో రెండిటినీ కలిపి ఒకే గుర్తుతో రాస్తారు. ఎంజైములకు అతుక్కున్నప్పుడు లైఫ్‌టైమ్ తేడాతో విడదీయొచ్చని 2014లో లండన్ బృందం ఒకటి చూపింది, వేరే కణాల్లో. వీర్యకణం ఆక్సీకరణ ఒత్తిడిని తట్టుకోవడానికి ఎన్ఏడీపీహెచ్‌ను వాడుకుంటుంది కనుక, పెరాక్సైడ్ ప్రయోగాల్లో మెరుపు మారితే ‘శక్తి తగ్గింది’ అని వెంటనే రాసేయకండి.

రెడాక్స్ నిష్పత్తి ఎలా లెక్కించాలి?

ఒక ల్యాబ్ ఎఫ్ఏడీని ఎన్ఏడీహెచ్‌తో భాగిస్తుంది, ఇంకోటి తిరగేస్తుంది, మూడోది రెండిటి మొత్తంతో భాగిస్తుంది. ఏదైనా సరే, సూత్రం రాయండి. రాయకపోతే ‘పెరిగింది’ అన్న మాటకు అర్థం లేదు.

ఒక్కరి నమూనాలోనే 300 కణాలు చూశాను. సరిపోతుందా?

అది ఒక్క మనిషి గురించి 300సార్లు అడిగినట్టు. మనుషుల సంఖ్యే మీ సంఖ్య. ఒకే మనిషికి కూడా ఈ నెలకూ వచ్చే నెలకూ తేడా ఉంటుంది.

## బయటివాళ్ళు అడిగేవి

ఐవీఎఫ్‌లో మంచి కణాన్ని ఇలా చూసి ఎంచుకోవచ్చు కదా?

ఆశ అదే, అందుకే ఇంత మంది దీని వెంట పడ్డారు. రంగు వెయ్యనవసరం లేదు, కణాన్ని పగలగొట్టనవసరం లేదు. కానీ లేజర్ తగిలిన కణంతో పిండాన్ని తయారుచెయ్యడం చిన్న నిర్ణయం కాదు, ఆ డీఎన్ఏ ఒక బిడ్డకు వెళ్తుంది. పైగా ‘ఇంత లైఫ్‌టైమ్ ఉంటే మంచి కణం’ అని గీసిన గీత ఏదీ లేదు. ప్రస్తుతానికి ఇది పరిశోధన పరికరం.

మావారి రిపోర్టులో కదలిక తక్కువ అని వచ్చింది. ఈ పరీక్ష ఎక్కడ చేస్తారండీ?

అమ్మా, ఇది రోగులకు చేసే పరీక్ష కాదు. ఎవరైనా ప్యాకేజీలో చేస్తామంటే డబ్బు కట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం మొత్తం కదలిక 42 శాతం, ముందుకు సాగే కదలిక 30 శాతం కింది హద్దులు. అవి పిల్లలు పుట్టిన మగవాళ్ళ నమూనాల నుంచి తీసిన అంకెలు. అంతకన్నా తక్కువుంటే పిల్లలు పుట్టరని కాదు, ఎక్కువుంటే పుట్టి తీరతారనీ కాదు. ఒక్క రిపోర్టు చూసి బెంగపడకుండా మళ్ళీ ఒకసారి చేయించండి. జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలలు అంకెలు పడిపోవచ్చు, కణం తయారుకావడానికే అంత సమయం పడుతుంది. రెండోదీ అలాగే వస్తే ఆ రెండు కాగితాలూ పట్టుకుని, ఇద్దరూ కలిసి ఆండ్రాలజీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.